నడిసంద్రం నుంచి నవ్వుల అక్షింతలు

విశాఖపట్నం: తంతి వచ్చిందంటే ఒకప్పుడు ఇంటిల్లిపాదికీ గుండె దడ. ఎవరికి ఏమైందోనన్న భయంతోనే కవరు చించేవారు. ఆ భయానికి పెళ్లిపందిరి మినహాయింపు. భజంత్రీల హోరులో తంతి జవాను సైకిలు దిగితే అది శుభాకాంక్షేనని అందరికీ తెలుసు. పెద్దమనిషి ఎవరో దానిని అందుకుని, ఇంగ్లిషు చదువుకున్న కుర్రవాడి చేత చదివించేవారు. నూతన దంపతులపై దేవుడి దీవెనలు కురియాలంటూ తపాలా తంతి శాఖ ముందే సిద్ధం చేసి ఉంచిన వాక్యాలే వాటిలో ఎక్కువ. ఓడల్లో పనిచేసేవారు పంపే తంతుల తీరు మాత్రం వేరు. వాటిలో దీవెన కంటే ముందు వేళాకోళం పలకరించేది.

'మీరు ప్రమాదంలోకి వెళ్తున్నారు', 'ఓడలో పైలట్ ఎక్కారు', 'లంగరు జారుతోంది'... పెళ్లికొడుకును ఉద్దేశించిన ఇలాంటి పలుకులు పందిట్లో కొందరికి అర్థమయ్యేవి కావు. అర్థమైనవారు పగలబడి నవ్వేవారు. తుపానులో, చీకటిలో, ప్రాణాపాయంలో ఒక ఓడ మరో ఓడతో మాట్లాడుకోవడానికి ఏర్పరచుకున్న గంభీరమైన భాషను నావికులు పెళ్లి పరిహాసానికి వాడుకునేవారు. ఆ పరిహాసం వెనుక ఒక లోటు దాగి ఉండేది. పంపినవాడు ఆ పెళ్లికి రాలేకపోయాడు. పెళ్లికూతురికి అన్నో, పెళ్లికొడుకుకు ప్రాణమిత్రుడో అయి ఉండి కూడా అక్షింతలు వేసే వేళకు అతడు ఏ అట్లాంటిక్‌లోనో ఇంజను గదిలో ఉన్నాడు.

మాటకు ఇంత వెల

ఓడ నుంచి ఊరికి తంతి చేరడం చిన్న వ్యవహారం కాదు. ఓడలోని రేడియో ఆఫీసరు మోర్స్ సంకేతాల్లో సందేశాన్ని తీరంలోని రేడియో కేంద్రానికి పంపాలి. భారతదేశం వైపు అయితే ముంబయి, చెన్నై వంటి తీర కేంద్రాలు, సుదూర సముద్రాల్లో అయితే ఇంగ్లండ్‌లోని పోర్టిస్‌హెడ్ రేడియో వంటి పెద్ద కేంద్రాలు వాటిని అందుకునేవి. అక్కడి నుంచి భూమి మీది తంతి తీగల ద్వారా సందేశం గమ్యానికి దగ్గరలోని తంతి కార్యాలయానికి వెళ్లేది. ఆపై తంతి జవాను సైకిలే ఆధారం. ఓడకు ఒక రుసుము, తీర కేంద్రానికి ఒక రుసుము, తంతి శాఖకు మరో రుసుము. అన్నీ మాటల లెక్కనే. చిరునామాలోని మాటలు, చివరి సంతకం కూడా లెక్కలోకి వచ్చేవి.

మాటకు ఇంతని వెల కట్టినప్పుడు పొడుపే తప్ప విప్పు కుదరదు. నాలుగు వాక్యాల ఆశీర్వచనం పంపే స్తోమత సాధారణ నావికుడికి ఉండేది కాదు. ఒకే అక్షరానికి ఒక పూర్తి వాక్యమంత అర్థం ఉన్న భాష అతడి చేతిలో ఉంది. పొదుపు నుంచే ఆ చమత్కారం పుట్టింది.

ఖర్చు మరీ తగ్గించుకోవాలనుకునే వారికి మరో మార్గం ఉండేది. సందేశం తీరం దాకా రేడియోలో వచ్చి, అక్కడి నుంచి మామూలు టపాలో ఉత్తరంగా వెళ్లేది. ధర తక్కువే గాని, ముహూర్తానికి ఎన్నో రోజుల ముందే పంపాలి. లేకుంటే శుభాకాంక్ష పదహారు రోజుల పండుగకు అందినా అందినట్టే.

జెండా జెండాకో చమత్కారం

ఓడల మధ్య వాడే అంతర్జాతీయ సంకేత స్మృతి తొలి రూపం 1857లో బ్రిటన్‌లో వెలువడింది. నేడు వాడుకలో ఉన్న స్మృతి 1965లో ఆమోదం పొంది 1969 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇంగ్లిషు అక్షరాలకు 26, అంకెలకు 10, వాటికి తోడు ప్రత్యామ్నాయ జెండాలు మూడు, జవాబు జెండా ఒకటి కలిపి మొత్తం 40 జెండాలు ఒక ఓడలో ఉంటాయి. భాష తెలియని రెండు దేశాల ఓడలు కూడా వీటితో ఒకదాని అవసరం మరొకటి తెలుసుకోగలవు. ఇవే అర్థాలను మోర్స్‌లోనూ, దీపపు మెరుపులతోనూ పంపవచ్చు.

ఈ స్మృతిలో 'యు' అక్షరానికి 'మీరు ప్రమాదంలోకి వెళ్తున్నారు' అని అర్థం. ముందు రాయి ఉందో, ఇసుక మేట ఉందో హెచ్చరించడానికి దీనిని వాడతారు. పీటల మీద కూర్చున్న వరుడికి అదే అక్షరం పంపితే చాలు, మిగతాది చెప్పనక్కరలేదు. 'ఎక్స్' అంటే 'మీరు తలపెట్టిన పని ఆపి నా సంకేతాల కోసం చూడండి' అని అర్థం. జీలకర్ర బెల్లం పెట్టే ముందు అందితే అది ఒక హాస్యం, మూడు ముళ్లు పడ్డాక అందితే మరో హాస్యం. 'ఎల్' అంటే ఓడను తక్షణం ఆపమని. 'సి' అంటే అవునని అంగీకారం. 'వై' అంటే 'నా లంగరు జారుతోంది' అని అర్థం. పెళ్లి వద్దంటూ భీష్మించుకున్న బ్రహ్మచారి మనసు మెత్తబడిందని సూచించడానికి ఇంతకన్నా చక్కని మాట దొరకదు. 'డి' అంటే 'నాకు దూరంగా ఉండండి, కష్టంగా మలుపు తిరుగుతున్నాను' అని భావం. తొలిసారి అత్తవారింట అడుగుపెట్టిన అల్లుడి అవస్థకు ఇది అచ్చంగా సరిపోతుంది.

అన్నింటిలోకీ చమత్కారమైనది 'హెచ్'. 'నా ఓడలో పైలట్ ఉన్నారు' అని దాని అర్థం. విశాఖ రేవు వంటి చోట్ల పెద్ద ఓడ ఇరుకు కాలువ గుండా లోపలి హార్బరుకు రావాలంటే దారి ఎరిగిన పోర్టు పైలట్ ఎక్కవలసిందే. పైలట్ ఎక్కినా ఓడ బాధ్యత కెప్టెన్‌దే. కానీ ఏ వైపు తిప్పాలో, ఎంత వేగంతో పోవాలో చెప్పేది పైలట్. పేరుకు అధికారం ఒకరిది, మాట చెల్లుబాటు మరొకరిది. పెళ్లయిన మగవాడికి ఈ సంకేతం ఎందుకు నప్పుతుందో పందిట్లోని పెద్దలకు వివరించనక్కరలేదు.

ఇన్ని వేళాకోళాల తర్వాత చివరన పెట్టదగిన రెండు అక్షరాలు 'యు డబ్ల్యు'. రేవు విడిచి వెళ్లే ఓడకు మరో ఓడ చెప్పే 'మీ ప్రయాణం సుఖంగా సాగాలి' అనే శుభకామన అది. అప్పటిదాకా నవ్విన ఇంటివారి కళ్లు చెమర్చేది అక్కడే.

అంకెల్లో ఆప్యాయత

రేడియో ఆఫీసర్లకు మరో రహస్య భాష ఉండేది. 19వ శతాబ్దంలో అమెరికా తంతి ఉద్యోగులు కాలం ఆదా చేసుకోవడానికి కొన్ని వాక్యాలకు అంకెలు కేటాయించుకున్నారు. వాటిలో రెండు ఇప్పటికీ హామ్ రేడియో అభిరుచి ఉన్నవారి నోట బతికే ఉన్నాయి. 73 అంటే హృదయపూర్వక శుభాకాంక్షలు. 88 అంటే ప్రేమ, ముద్దులు. వధూవరులిద్దరికీ కలిపి ఏ అంకె పంపాలన్నది రేడియో గదిలో నవ్వులాటకు మంచి విషయం. పొరపాటున మామగారి పేరిట 88 వెళ్తే ఏమవుతుందో ఊహించుకోవలసిందే.

1912 నాటి లండన్ అంతర్జాతీయ సదస్సు ఆమోదించిన 'క్యూ' సంకేతాలూ ఇలాగే వినోదానికి ఉపకరించాయి. 'క్యూఆర్‌టీ' అంటే పంపడం ఆపమని. 'క్యూఆర్‌ఎక్స్' అంటే వేచి ఉండు, మళ్లీ పిలుస్తానని. 'క్యూఆర్‌యూ' అంటే నీకు చెప్పవలసింది నా వద్ద ఏమీ లేదని. కొత్త కాపురంలో భర్త నేర్చుకోవలసిన మూడు మాటలివేనని రేడియో ఆఫీసర్లు తోటివారిని ఆటపట్టించడంలో ఆశ్చర్యం లేదు.

నౌకాదళంలో 'బ్రావో జులు' అనే సంకేతం మరొకటి ఉంది. పని బాగా చేశారనే మెచ్చుకోలు అది. యుద్ధ విన్యాసాల అనంతరం చెప్పే ఈ మాటను పెళ్లికొడుకుకు పంపినప్పుడు అందులో అభినందన ఎంతో, అల్లరి కూడా అంతే.

ఒక్క అంకె జారితే

సంక్షిప్తతతో ముప్పు కూడా ఉంది. ఇంగ్లిషు మాట్లాడే దేశాల్లో తరతరాలుగా చెప్పుకునే ఒక పెళ్లి తంతి కథ ఇందుకు ఉదాహరణ. వధువుకు బైబిలులోని యోహాను మొదటి పత్రిక నాలుగో అధ్యాయం 18వ వచనాన్ని శుభాకాంక్షగా పంపాలని ఒకరు తలచారు. ప్రేమ ఉన్నచోట భయానికి తావు లేదన్నది ఆ వచనం సారాంశం. డబ్బు ఆదా కోసం వచనానికి బదులు దాని సంఖ్య మాత్రమే పంపారు. దారిలో 'మొదటి' అని తెలిపే '1' అంకె జారిపోయింది. దాంతో అది యోహాను సువార్త నాలుగో అధ్యాయం 18వ వచనంగా మారింది. ఒక స్త్రీకి అంతకుముందు ఐదుగురు భర్తలు ఉన్నారని, ఇప్పుడున్నవాడు భర్త కాడని చెప్పే సందర్భం అది. బంధువుల ఎదుట గ్రంథం తెరిచి చదివినప్పుడు పెళ్లింట ఏం జరిగిందో వేరే చెప్పాలా?

ఈ కథ ఎవరి పెళ్లిలో జరిగిందన్నది పక్కన పెడితే, దీనికి ఆధారమైన అలవాటు నిజమే. బ్రిటిష్ నౌకాదళంలో ఓడల అధిపతులు ఒకరినొకరు చమత్కరించుకోవడానికి బైబిలు వచన సంఖ్యలు పంపుకోవడం పేరుపడిన సంప్రదాయం. కెప్టెన్ జాక్ బ్రూమ్ 1955లో ప్రచురించిన 'మేక్ ఎ సిగ్నల్' గ్రంథం నౌకాదళ సంకేతాల చరిత్రతో పాటు ఇలాంటి చతురోక్తులకు కూడా చోటిచ్చింది.

తాడు తెలిసినవాడికి తాళి

నావికుల పరిహాసం సంకేతాలతోనే ఆగదు. రెండు తాళ్ల కొసలను విప్పి, పురులను ఒకదానిలో ఒకటి అల్లి ముడి లేకుండా కలపడాన్ని ఓడల్లో 'స్ప్లైస్' అంటారు. అలా కలిపిన తాడు ముడి వేసిన తాడు కంటే బలంగా ఉంటుంది. ఇంగ్లిషు నావికుల వాడుకలో పెళ్లి చేసుకోవడానికీ అదే మాట. ఎన్నో రకాల ముళ్లు వేయడం, క్షణంలో విప్పడం నేర్చిన నావికుడు విప్పడానికి వీలులేని మూడు ముళ్లు వేయబోతున్నాడన్న చమత్కారం తెలుగు పందిట్లో మరింత రక్తి కడుతుంది.

బ్రిటిష్ నౌకాదళంలో సిబ్బందిలో ఒకరి పెళ్లి రోజున ఓడ తెరచాప కొయ్యల నడుమ పచ్చని ఆకులతో అల్లిన దండను ఎగురవేసే ఆచారం ఉంది. ఓడ ఏ రేవులో ఉన్నా ఆ దండను చూసినవారికి అందులో ఒకరి పెళ్లి జరుగుతోందని తెలిసిపోతుంది. మన గుమ్మాలకు కట్టే మామిడి తోరణానికి అది సముద్రం మీది చుట్టమే.

తెలుగువారి పెళ్లిళ్లలోనూ వేళాకోళానికి చోటు లేకపోలేదు. వియ్యాలవారి పాటలు, బంతుల ఆట, బిందెలో ఉంగరం వెతికే వేడుక, బావామరదుల సరసోక్తులు లేని పెళ్లి చప్పగా ఉంటుంది. వరసైనవారికి ఆ రోజు నోటికి తాళం ఉండదు. పందిట్లో ఉండి ఆటపట్టించవలసిన బావమరిది ఓడలో చిక్కుకున్నప్పుడు, తన వంతు అల్లరిని తంతి రూపంలో పంపడం వరస నిలుపుకోవడమే.

నవ్వుకూ ఒక హద్దు

ఈ నవ్వుల వెనుక ఒక కఠిన నియమం ఉంది. సొంత సందేశం ఎంత ముఖ్యమైనదైనా ప్రాణాపాయ సందేశానికి దారి ఇవ్వవలసిందే. ఆ పాఠాన్ని ప్రపంచం భారీ మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ రేడియో ఆపరేటర్ జాక్ ఫిలిప్స్ ప్రయాణికుల సొంత సందేశాలను కేప్ రేస్ తీర కేంద్రానికి పంపడంలో తలమునకలై ఉన్నాడు. సమీపంలోని కాలిఫోర్నియన్ ఓడ తాము మంచు మధ్య ఆగిపోయామని చెప్పబోగా, అడ్డు రావద్దని కసిరాడు. కాసేపటికి కాలిఫోర్నియన్ ఆపరేటర్ యంత్రం కట్టేసి నిద్రకు ఉపక్రమించాడు. ఆ తర్వాత కొద్దిసేపటికే టైటానిక్ మంచుకొండను ఢీకొంది. సుమారు 1,500 మంది మరణించారు. వారిలో ఫిలిప్స్ కూడా ఒకరు.

ఆ దుర్ఘటన తర్వాత ఓడల రేడియో నిబంధనలు కట్టుదిట్టమయ్యాయి. కాలక్రమంలో 500 కిలోహెర్ట్జ్ తరంగంపై ప్రతి గంటలో 15 నుంచి 18వ నిమిషం వరకు, మళ్లీ 45 నుంచి 48వ నిమిషం వరకు అందరూ మౌనం పాటించాలన్న నియమం ఏర్పడింది. బలహీనమైన ఆర్తనాదం ఏదైనా ఉంటే వినబడాలన్నది దాని ఉద్దేశం. రేడియో గది గడియారంలో ఆ నిమిషాలను ఎర్ర రంగుతో గుర్తించేవారు. చెల్లెలి పెళ్లి శుభాకాంక్ష సగంలో ఉన్నా ముల్లు ఎర్ర రంగు మీదికి రాగానే చేతి వేలు ఆగవలసిందే.

ముహూర్తానికి ముందు తేదీ

ఆంధ్ర తీరంలో ఈ అనుభవం కొత్తది కాదు. తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖలోనే కాక, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం పల్లెల్లోనూ సముద్ర ఉద్యోగులున్న ఇళ్లు అనేకం. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాల యువకులు కొబ్బరి, జీడి తోటలను విడిచి సరుకు ఓడల్లో పనికి వెళ్లడం అక్కడ పరిపాటి. ఆ ఇళ్లలో ముహూర్తం పెట్టే ముందు పంచాంగంతో పాటు ఓడ ఒప్పందం ముగిసే నెలను కూడా చూడవలసి వస్తుంది. మాఘంలో దిగవలసినవాడు రేవులో సరుకు ఆలస్యమై వైశాఖం దాకా దిగకపోవచ్చు. తన పెళ్లి అయితే వాయిదా వేసుకుంటారు. చెల్లెలి పెళ్లి అతడి కోసం ఆగదు.

కాలమానం కూడా ఒక విచిత్రం చేస్తుంది. ఓడల రేడియో చిట్టాలు గ్రీనిచ్ కాలమానంలో సాగేవి. భారత కాలమానం దానికంటే ఐదున్నర గంటలు ముందు. శుక్రవారం తెల్లవారుజామున 2 గంటల 10 నిమిషాలకు పెళ్లి ముహూర్తం అయితే, ఓడ చిట్టాలో అది గురువారం రాత్రి 8 గంటల 40 నిమిషాలు. బ్రెజిల్ తీరంలో ఉన్న నావికుడికి ఇంకా గురువారం సాయంత్రమే. సరిగ్గా సుముహూర్త వేళకే పంపిన శుభాకాంక్షపై ముందు రోజు తేదీ ఉండేది. దానిని చూసి, తొందరపాటు ఎక్కువని ఆ అన్నను ఆటపట్టించే అవకాశం పందిట్లో వారికి దక్కేది.

మూగబోయిన మోర్స్

ఈ సంప్రదాయానికి ఆధారమైన వ్యవస్థలు ఒకటొకటిగా కనుమరుగయ్యాయి. 1979లో ఏర్పడిన ఇన్‌మార్శాట్ సంస్థ ఉపగ్రహాల ద్వారా ఓడలకు టెలిఫోను తెచ్చింది. ఉపగ్రహాలపై ఆధారపడిన కొత్త ప్రమాద సంకేత విధానం 1999 ఫిబ్రవరి 1 నుంచి పూర్తిగా అమలులోకి రావడంతో ఓడల్లో మోర్స్ అవసరం తీరిపోయింది. దానితో పాటే రేడియో ఆఫీసరు ఉద్యోగమూ పోయింది. పోర్టిస్‌హెడ్ రేడియో 2000లో మూతపడింది. భారతదేశంలో తంతి సేవ 2013 జులై 14 రాత్రితో ముగిసింది. జెండాలు మాత్రం ఇంకా ఓడల్లోనే ఉన్నాయి. 'యు' అర్థం మారలేదు.

హాస్యమూ కాలంతో పాటు మారవలసి వచ్చింది. భార్యను ప్రమాదంగానో, పెత్తనంగానో చూపే పాత వేళాకోళం మగవారే ఉన్న ఓడల్లో పుట్టింది. ఇప్పుడు ఓడను నడిపేవారిలో స్త్రీలూ ఉన్నారు. భారత వాణిజ్య నౌకల తొలి మహిళా కెప్టెన్ రాధికా మేనన్ 2015లో బంగాళాఖాతంలో ఏడుగురు మత్స్యకారులను కాపాడి, మరుసటి ఏడాది అంతర్జాతీయ సముద్ర సంస్థ సాహస పురస్కారం అందుకున్నారు. 'ఓడలో పైలట్ ఉన్నారు' అన్న చమత్కారాన్ని నేడు వధువు వరుడి గురించి కూడా చెప్పవచ్చు.

మారనిది దూరం. 2020లో కరోనా వేళ రేవులు మూసుకుపోవడంతో దాదాపు నాలుగు లక్షల మంది నావికులు ఒప్పందం ముగిసినా ఓడల్లోనే చిక్కుకుపోయారని అంతర్జాతీయ సముద్ర సంస్థ ప్రకటించింది. ఎన్ని పెళ్లిళ్లకు, ఎన్ని అంత్యక్రియలకు వారు దూరమయ్యారో లెక్కకు అందదు. భారతదేశం 2015లో ఆమోదించిన సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం 12 నెలలు నిండకముందే నావికుడిని ఇంటికి పంపాలి. ఆ ఒప్పందానికి చేసిన సవరణలు 2024 డిసెంబరు 23 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ఓడ యజమానులు సాధ్యమైనంత మేరకు సిబ్బందికి ఇంటర్నెట్ సహా అయినవారితో మాట్లాడే సౌకర్యం కల్పించాలి.

ఇప్పుడు నడిసంద్రంలోని అన్న ఫోను తెరపై చెల్లెలి పెళ్లి చూడగలడు. సిగ్నల్ అందితే మూడు ముళ్లు పడే క్షణాన్నీ చూడగలడు. మాటకు వెల లేదు కనుక ఎంతసేపైనా మాట్లాడవచ్చు. అయినా అక్షింతలు వేయడానికి చెయ్యి అందదు. ఆ వెలితిని కన్నీటితో చెబితే పందిట్లో వారి మనసు కష్టపడుతుంది. అందుకే నావికుడు నవ్వుతో చెప్పాడు. ఆనాటి తంతి కాగితాలు ఏ ఇంటి ట్రంకు పెట్టె అడుగునో పెళ్లి శుభలేఖల నడుమ ఇంకా ఉంటే, పారవేయకుండా ఒకసారి విప్పి చూడడం మంచిది. అర్థం కాని ఒక్క అక్షరంలో పెళ్లికి రాలేకపోయిన మనిషి పలకరింపు ఉండవచ్చు.